అక్క పెళ్ళి క్యాసెట్టు

పెళ్ళిలో తాళి కట్టేది ఒక్కసారే. ఆ సంగతి ఫోటోలు తీసేవాళ్ళకు పట్టదు. "ఇంకొక్కసారి సార్, ఇటు చూడండి" అంటూ వరుడి చేతులను వధువు మెడ దగ్గరే నిలబెట్టేస్తారు. మళ్ళీ మళ్ళీ చేయించుకోగల పనులు లోకంలో చాలా ఉన్నాయి. ఒక్కసారితోనే సరిపెట్టుకోవలసినవి కొన్నే ఉన్నాయి. పాత వీడియో క్యాసెట్టులోని బొమ్మను కంప్యూటర్‌లోకి పట్టుకోవడం ఈ రెండో రకం పని అని నాకు నలభై దాటి, తలలో నెరసిన వెంట్రుకలు లెక్కకు మించాక తెలిసింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడివి, నీకెందుకయ్యా ఈ గొడవ అంటారేమో. చెబుతాను, కాస్త ఓపిక పట్టి వినండి.

మా మేనకోడలికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం ఇంకా రెండు నెలలుంది. కాని మా అమ్మకు ఆ రోజునుంచే నిద్రపట్టడం మానేసింది. ఒకనాటి సాయంత్రం నేను కాలేజీనుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే, తన ఇనప్పెట్టె తెరిచి, వెండి గిన్నెల మధ్య గుడ్డలో చుట్టిన ఒక నల్లటి క్యాసెట్టును తీసి నా చేతిలో పెట్టింది. పైన అంటించిన కాగితం మీద అక్క పేరు, బావ పేరు, 1995 అనే అంకె.

"ఈ పెండ్లికి మీ బాపు లేడు కొడుకా. ఆ పెండ్లిల ఉన్నడు గద. అందరు కూడినప్పుడు ఒక్కసారి చూపియ్యి" అంది.

"మనకు సీడీ ఉందిగదనే అమ్మా" అన్నాను.

"ఆ సీడీల అన్ని సిన్మపాటలే. అప్పగింతలప్పుడు మీ బాపు అల్లునితోని ఏదో అన్నడు. అందరు నవ్విండ్రు. ఏమన్నడో నాకు యాదికొస్తలేదు."

అమ్మ అలా అన్నాక నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ సీడీ చేయించినవాణ్ణి నేనే. 2006లో, క్యాసెట్లు పాతబడుతున్నాయి, వీసీడీ చేయించుకుంటే ఎన్నటికీ పాడుకాదు అని ఎవరో చెబితే, నిజామాబాదులో ఒక దుకాణంలో ఇచ్చాను. వారు మూడు గంటల పెళ్ళిని మూడు బిళ్ళల మీదికి ఎక్కించి, మధ్యలో విసుగు పుట్టకుండా మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పెట్టి ఇచ్చారు. అప్పుడది నాకు ముచ్చటగానే తోచింది. బాపు అప్పటికి బతికే ఉన్నాడు. మనిషి పడక్కుర్చీలో కూర్చుని మాట్లాడుతుండగా, ఆయన గొంతును దాచిపెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది? 2011లో ఆయన పోయాక ఆ బిళ్ళలు తీసి చూశాం. బాపు పెదవులు కదులుతున్నాయి. వినిపించేది మాత్రం ఎవరిదో యుగళగీతం.

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాంటా దగ్గర గుమాస్తా. నిజాం కాలంలో, 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. మంజీర మీద నిజాంసాగర్ కట్టి కాలువలు పారించాక ఈ ప్రాంతమంతా చెరుకుపాకం అయింది. ఫ్యాక్టరీ చుట్టూ లేచిన ఊరి పేరే శక్కర్‌నగర్. అక్క పెళ్ళి అక్కడి క్వార్టర్ల ముందు పందిరి వేసి చేశాం. మాఘమాసం, గానుగ నడిచే కాలం. గాలి నిండా బెల్లప్పాకం వాసన. బోధన్ పిల్లలమైన మాకు పెళ్ళి అంటే ఆ వాసనే. షిఫ్టు మారేటప్పుడు సైరను కూసేది. ఆ కూతకు గడియారాలు సరిచేసుకునేవారు, పొయ్యి మీద ఎసరు పెట్టేవారు, పిల్లల్ని బడికి తరిమేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే నా చేతిలోని ఆ నల్లటి డబ్బాలో రెండు గొంతులున్నాయన్నమాట, ఒకటి బాపుది, ఒకటి సైరనుది. రెండూ ఇప్పుడు బయట ఎక్కడా వినిపించవు.

సరే, క్యాసెట్టు ఉంది. దాన్ని ఆడించే యంత్రం ఏది? వీహెచ్ఎస్ అనే ఈ పద్ధతిని జపానువారు 1976లో తెచ్చారు. ఆ యంత్రాలు చేస్తూ వచ్చిన ఆఖరి జపాను కంపెనీ కూడా 2016 జూలైలో చేతులెత్తేసింది. ఇప్పుడు దొరికేవన్నీ ఎవరి అటకమీదివో. వాకబు చేయగా, ఖిల్లాకు పోయే దారిలో ఒక ముసలి మెకానిక్కు దగ్గర నడిచే వీసీఆర్ ఒకటి ఉందని తెలిసింది.

ఆ దారిన పోయినప్పుడల్లా నాకు దాశరథి గుర్తుకు వస్తాడు. ఆయనను ఖైదు చేసిన ఇందూరు జైలు ఆ ఖిల్లా మీదనే ఉండేది. గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడని మా విద్యార్థులకు ఏటా చెబుతుంటాను. గోడ మీది బొగ్గు చెరిగిపోయింది. పద్యాలు కాగితం మీదికి ఎక్కాయి కనుక నిలిచాయి. ఆ రోజు చంకలో క్యాసెట్టు పెట్టుకుని నడుస్తుంటే, ఇన్నేళ్ళుగా చెబుతున్న పాఠం నాకే కొత్తగా వినిపించింది.

మెకానిక్కు క్యాసెట్టు మూత ఎత్తి, టార్చి వేసి చూసి, నాలుక చప్పరించాడు. చుట్ట అంచుల మీద తెల్లటి పొడి.

"బూజు పట్టింది సార్. తుడుస్తా. మల్ల తుడుస్తా. కాని ఒక్కసారి నడిస్తే నసీబు. రెండోసారికి నాది జిమ్మా కాదు" అన్నాడు.

ఆ యంత్రం లోపల చూపించాడు కూడా. నున్నటి డోలు ఒకటి నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. టేపు దాన్ని ఒరుసుకుంటూ పోతుంది. బూజు ఆ డోలు మీదికి ఎక్కితే బొమ్మ మసకబారుతుంది. టేపు ఎక్కడన్నా అంటుకుంటే నలుగుతుంది, తెగుతుంది. ఆడించిన ప్రతిసారీ క్యాసెట్టు ఎంతో కొంత అరుగుతుంది. ఆయన వారం రోజులు వాడుకోండని యంత్రాన్ని కూడా నాకే ఇచ్చి పంపాడు. ఎంత ఇవ్వమంటారంటే, "ముందుగాల బొమ్మ రానియ్యండి సార్" అన్నాడు. ఇలాంటివారు ఇంకా ఉన్నారు.

ఇక బొమ్మను కంప్యూటర్‌లోకి ఏ రూపంలో పట్టుకోవాలి అన్న ప్రశ్న. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోను చేశాను.

"మామా, నువ్వేం ముట్టుకోకు. వచ్చే ఆదివారం నేనొస్తా" అన్నాడు వాడు. అంటూనే గంటసేపు పాఠం చెప్పాడు. పాఠాలు చెప్పేవాడికి పాఠం వినడం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది. కాని వాడు చెప్పింది బంగారంలాంటి మాట. మీకూ పనికివస్తుంది, నాకు అర్థమైనంత చెబుతాను.

మన దేశపు టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మలో కంటికి కనిపించే గీతలు 576. వీసీడీ అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు మాత్రమే పెట్టుకుంటుంది. డీవీడీలో 720, 576. గుణించి చూడండి, వీసీడీలో ఉన్నది డీవీడీలో దాదాపు నాలుగో వంతు. నా మూడు బిళ్ళల్లో బాపు ముఖం ఎందుకు అలుక్కుపోయిందో అప్పుడు తెలిసింది.

అయితే నేరుగా డీవీడీ రూపంలోనే పట్టుకుంటే పోలేదా అని అడిగాను. అక్కడే ఉందట కిటుకు. డీవీడీ లోపలి రూపం పేరు ఎంపెగ్-2. అది మొదట ఒక బొమ్మను పూర్తిగా రాసుకుంటుంది. ఆ తర్వాత వచ్చే పన్నెండో పదిహేనో బొమ్మలలో మారినంత మేరకే రాసుకుంటుంది. మన రైతు బజారు చీటీలో కింద 'పైదే, పైదే' అని రాసినట్టు. పురోహితుడు కదలకుండా కూర్చుని మంత్రం చదువుతుంటే ఈ పద్ధతి భేషుగ్గా పనిచేస్తుంది. తలంబ్రాలు పోసేటప్పుడు? వేల గింజలు ఒక్కసారి కదులుతాయి. 'పైదే' అనడానికి ఏమీ ఉండదు. రాసుకోవడానికి చోటు చాలక బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది. పాత టేపు మీద కురిసే సన్నటి చుక్కల వాన కూడా ఆ యంత్రానికి తలంబ్రాలే. పైగా ఈ రూపంలో పట్టుకున్నదాన్ని మధ్యలో కోసి అతికించాలంటే, విప్పి మళ్ళీ నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ కొంత పోతుంది.

మరి దారేమిటి? ఒకటి డీవీ అనే రూపం. అక్క పెళ్ళి జరిగిన 1995లోనే వచ్చింది. ప్రతి బొమ్మనూ విడివిడిగా రాసుకుంటుంది, 'పైదే' అనే మాట లేదు. గంటకు 13 జీబీల దాకా చోటు పడుతుంది. ఇంకొకటి, ఏమీ పారేయకుండా కేవలం మడతపెట్టి దాచే రూపం. గంటకు ముప్పై జీబీల దాకా పడుతుంది. మూడు గంటల పెళ్ళికి తొంభై. ఒకప్పుడు ఆ అంకె వింటే గుండె ఆగేది. ఇప్పుడు అరచేతిలో పట్టే హార్డ్ డిస్కులో అది మూలకు పడుతుంది.

"అందుకే మామా, పట్టుకునే రూపం వేరు, పంచే రూపం వేరు. పట్టుకునేటప్పుడు పిసినారితనం చేయొద్దు. కోతలు, అతుకులు అన్నీ అయినంక ఆఖరున ఒకేసారి డీవీడీకి నొక్కుదాం" అన్నాడు.

నాకు వెంటనే సి.పి. బ్రౌను దొర జ్ఞాపకం వచ్చాడు. కడపలో పండితుల్ని పెట్టుకుని, తాటాకు ప్రతులు ఎన్నెన్నో తెప్పించి, పాఠాలు సరిచూసి, శుద్ధప్రతులు రాయించాడాయన. ప్రతికి ప్రతి, దానికి ఇంకో ప్రతి రాసుకుంటూ పోతే లేఖకుడి తప్పులు పోగవుతాయి. ఒకడు అక్షరం జారవిడుస్తాడు, ఇంకొకడు తెలియని చోట తన తెలివి చేరుస్తాడు. మా దుకాణం వారు సినిమా పాటలు చేర్చినట్టన్నమాట. అందుకే మాతృకకు ఎంత దగ్గరగా పోతే అంత మేలు. బాపు కూడా ఇదే మాట వేరేగా చెప్పేవాడు. "కోసిన చెరుకు ఎండకు పెడితే రసం గుంజుకపోతది. మొదటి గానుగల రానిది ఆఖరి గిన్నెల యాడికెల్లొస్తది?" అని. బండ్లు బారులు తీరి నిలిచినప్పుడు ఆయన తొందరంతా అందుకే.

ఇంత చక్కగా అర్థమైందిగదా, ఇక ఆదివారం దాకా ఆగితే నా సొమ్మేం పోయేది? ఆగలేదు. గురువారం సెలవు వచ్చింది. వీసీఆర్ బల్ల మీద ఉంది, మేనల్లుడు పోస్టులో పంపిన చిన్న పరికరం కంప్యూటర్‌కు తగిలించి ఉంది. ఊరికే, పని చేస్తుందో లేదో రెండు నిమిషాలు చూద్దామనుకున్నాను. పరీక్షకు వేరే పాత క్యాసెట్టు వాడమని వాడు చెప్పనే చెప్పాడు. అటక ఎక్కడానికి బద్ధకించి అక్క పెళ్ళి క్యాసెట్టునే పెట్టాను. తెర మీద ఏ రూపం కావాలని అడిగితే, 'డీవీడీ, మూడు గంటలు' అన్నచోట నొక్కాను. ఒక్క బిళ్ళలో పెళ్ళంతా పట్టించేసే బేరం. 4.7 జీబీలను మూడు గంటలకు పంచితే తలా ఎంత వస్తుందో లెక్క వేసుకోలేదు.

బొమ్మ వచ్చింది. పందిరి, మామిడాకులు, తెల్ల చొక్కాలో పదిహేనేళ్ళ నేను. రెండు నిమిషాలు కాస్తా రెండు గంటలయింది. ఆపబుద్ధి కాలేదు. ఎక్కడో మంత్రాల మధ్య సైరను కూసింది. నా చేయి అప్రయత్నంగా మణికట్టు గడియారం మీదికి పోయింది. ఆ తర్వాత అప్పగింతలు. బాపు అక్క చేయి బావ చేతిలో పెట్టి నోరు తెరిచాడు, మాట్లాడాడు. సరిగ్గా ఆయన మాట ముగిసి జనం నవ్వుతుండగా, యంత్రం లోపల చీర చిరిగినట్టు చప్పుడు. తెర నీలంగా మారిపోయింది.

మెకానిక్కు ఇంటికి పరుగెత్తాను. ఆయన గంటసేపు కూర్చుని టేపును డోలునుంచి విడదీశాడు. తెగలేదు. కాని కొంత మేర బాగా నలిగింది. "ఒక్కసారి అని చెప్తి గద సార్" అని మాత్రం అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. నేను పట్టుకున్నది చూసి ఏమీ అనలేదు. మామను తిట్టడానికి మర్యాద అడ్డం వచ్చింది కాబోలు. ముందు అటక మీది పాత క్యాసెట్టు పెట్టి చూశాడు. తర్వాత అక్క పెళ్ళి క్యాసెట్టును, నలిగిన చోటు వదిలి ముందుభాగం వేరుగా, వెనుకభాగం వేరుగా, ఏమీ పారేయని రూపంలో పట్టుకున్నాడు. మెకానిక్కు మళ్ళీ తుడిచి ఇచ్చాడు గనుక టేపు ఆ మాత్రం దయ చూపింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. నాదాంట్లో తలంబ్రాలు తడి గోడమీద ఊడిన సున్నంలా ఉన్నాయి. వాడిదాంట్లో గింజ గింజా పసుపుతో మెరుస్తూ అక్క కొప్పు మీదినుంచి జారుతోంది. ఒకే టేపు, ఒకే యంత్రం. తేడా అంతా నేను నొక్కిన మీటలో ఉంది.

నలిగిన చోటు పన్నెండు సెకన్లు. సెకనుకు ఇరవై అయిదు చొప్పున మూడు వందల బొమ్మలు. అవి ఇక టేపులో లేవు. ఉన్నదల్లా గురువారంనాడు నేను తొందరపడి పట్టుకున్న ఆ గళ్ళ బొమ్మల్లోనే. బాపు మాట్లాడింది ఆ పన్నెండు సెకన్లలోనే. గొంతు మాత్రం దెబ్బ తినలేదు. నా దుడుకుతనం ఆయన ముఖాన్ని మింగి మాటను వదిలిపెట్టింది.

ఆ పన్నెండు సెకన్లను నాదాంట్లోంచి తీసి వాడిదాంట్లో అతికించాం. రాత్రంతా కూర్చున్నాం. మొదటి బిళ్ళ వేసి చూస్తే, కదలని చోట బాగానే ఉంది, కదిలేచోట చేతులు ముందుకీ వెనక్కీ వణుకుతున్నాయి. ప్రతి బొమ్మా బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి చొప్పున రెండు భాగాలుగా వస్తుందట. వాటి వరుస తారుమారైతే ఇలాగే వణుకుతుందని చెప్పి, వాడు సరిచేశాడు. మూడు గంటలను ఒక్క బిళ్ళలో కుక్కకుండా రెండు బిళ్ళలకు పంచాడు. తలంబ్రాలకు ఎక్కువ చోటు, మంత్రాలకు తక్కువ చోటు దక్కేటట్టు ఏర్పాటు చేశాడు.

ఈ రోజుల్లో డీవీడీ ఎందుకు, సెల్‌ఫోనులో చూసుకోవచ్చు గదా అని మీరడగవచ్చు. మేనల్లుడూ అడిగాడు. మా అమ్మకు సెల్‌ఫోనులో మనుషులు చీమల్లా కనిపిస్తారు. ఆమెకు తెలిసిన యంత్రం బాపు కొన్న డీవీడీ పెట్టె ఒక్కటే. బిళ్ళ పెట్టడం, మీట నొక్కడం ఆమెకు వచ్చు. ఎవరినీ బతిమాలుకోనక్కర లేదు. తన పెనిమిటిని చూసుకోవడానికి తానే మీట నొక్కుకోగలగడం చిన్న సంగతి కాదు. కాని బిళ్ళలకు కూడా ఆయుస్సు ఉంటుంది. అందుకని ఆ తొంభై జీబీల మాతృకను రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి హైదరాబాదులో వాడి దగ్గర, ఒకటి ఇక్కడ నా బీరువాలో దాచాం.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు చుట్టాలంతా కూడారు. అమ్మ స్వయంగా బిళ్ళ పెట్టింది. సైరను కూసినప్పుడు శక్కర్‌నగర్‌లో పెరిగినవాళ్ళంతా ఒక్కసారి మాటలు ఆపారు. చిన్నపిల్లలు మాత్రం అదేం చప్పుడని అడిగారు. అప్పగింతలు వచ్చాయి. బాపు ముఖం గళ్ళు గళ్ళుగా చెదిరింది. ఆయన గొంతు హాయిగా వినిపించింది.

"అల్లుడా, మా పిల్ల శక్కర్‌నగర్ల పుట్టి పెరిగిందే గాని చెరుకు గడ కొరుకుడు రాదు. చిన్నప్పటిసంది ముక్కలు కోసిచ్చింది నేనే. ఇగ నువ్వు కోసియ్యాలె."

టేపులో నవ్వారు. గదిలో నవ్వారు. యాభై దాటిన మా అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ నెమ్మదిగా, "ఇయ్యాల్టికి కోసిస్తనే ఉన్న మామా" అన్నాడు తెరవైపు చూస్తూ.

అందరూ వెళ్ళాక అమ్మ నన్ను పిలిచింది. "మంచిగ చేసినవు కొడుకా. గా మాట కాడనే మీ బాపు మొఖం కనబడకపాయె. పాత టేపు గద, బూజు పట్టి ఉంటది" అంది.

"అవునే అమ్మా, బూజే" అన్నాను.

ఆ అబద్ధం నాలుగు నెలలుగా నా గొంతులో చెరుకు పీచులా అడ్డం పడి ఉంది. అమ్మకు వారం వారం ఈ పత్రిక చదివి వినిపించేవాణ్ణి నేనే. ఈ పేజీ వచ్చిన రోజున కూడా చదువుతాను, ఒక్క వాక్యం దాటెయ్యకుండా.